ఎవరి ఆటో ఎక్కకుండా

ఆ రోజు పొద్దున్నే మా ఆయనతో ఒకటే మాట చెప్పాను, ఓటుకు నేను రానని.

ఆయన షెడ్డులో పురుగులకు ఆకు వేస్తున్నాడు. తల కూడా తిప్పకుండా, "సరే, టీ పెట్టు పో" అన్నాడు. నా కోపాలకు ఆయన చేసే వైద్యం ఇదొక్కటే. విననట్టు ఉంటే దానంతటదే దిగిపోతుందని ఆయన నమ్మకం. చాలాసార్లు దిగిపోతుంది కూడా, అబద్ధమెందుకు. కానీ ఈసారిది టీ తాగితే దిగే రకం కాదు.

మాది నల్లమాడ పక్క ఒక పల్లె. పల్లె అంటే గుట్ట కింద విసిరేసినట్టున్న కొన్ని ఇళ్లు, చుట్టూ మెట్ట చేలు. వానల్ని నమ్ముకుని వేరుశనగ వేసి వేసి విసుగొచ్చి, మేము మల్బరీ పెట్టి పట్టుపురుగుల్లోకి దిగాం. పురుగులంటే వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది గానీ, సాకి చూస్తే తెలుస్తుంది, అవి చంటిపిల్లలకన్నా అన్యాయం. వేళకు ఆకు పడాలి. గాలి ఆడాలి, వేడి తగలకూడదు. బీడీ పొగ పడదు, అగరుబత్తి వాసన పడదు, సెంటు అసలే పడదు. వాటి పుణ్యమా అని నేను తలలో పూలు పెట్టుకోవడం కూడా మానేశాను.

నాలుగుసార్లు పొర విడిచి లేచిన పురుగు ఇక గూడు కట్టే దాకా తిండి మీదే ఉంటుంది. షెడ్డు నిండా ఆకు నమిలే చప్పుడే. కొత్తలో ఆ చప్పుడు విని వాన పడుతోందనుకుని బయటికి ఉరికేదాన్ని. ఎన్నికల రోజుకు మా పురుగులు సరిగ్గా ఆ దశలో ఉన్నాయి. బయట చూస్తే నడివేసవి. రేకుల మీద గడ్డి పరిచి, చుట్టూ గోనెపట్టలు కట్టి, ఎండ దిగేదాకా వాటిని తడుపుతూనే ఉండాలి. పట్టలు ఆరిపోయాయంటే లోపల పురుగులు తలలెత్తి ఊగుతాయి, తర్వాత మెత్తబడతాయి, ఆపైన ఎత్తి గుంతలో పోయడమే.

ఆ తడిపే నీళ్లు మావి కావు. మా బోరు ఎండిపోయింది, మళ్లీ వేయించిన వాటిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పక్క చేను పెద్దాయన బోరు నుంచి పైపు వేసుకున్నాం. ఆయన పల్లెలో భూములున్న ఇంటి మనిషి, పార్టీలో తిరిగే మనిషి. మాకూ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా నేను ఆయన్ని మామా అంటాను, ఆయన భార్యను అత్తా అంటాను, ఆయన నన్ను కోడలా అంటాడు. రోజూ మధ్యాహ్నం మోటరు ఆడే వేళలో కాసేపు మా వంతు. గట్టు మీదున్న గేటువాల్వు ఆయన తిప్పితే మా తొట్టిలోకి నీళ్లొస్తాయి. మాటంటే మాట, అంతే. ఆయన వద్దనుకున్న రోజు మాకు పురుగులూ లేవు, తోటా లేదు.

ఇక ఆటోల సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మా ఓట్లు గుట్టకు అవతల, పంచాయతీ ఊరి బడిలో. ఓట్ల రోజు రెండు పార్టీలవాళ్లూ మా పల్లెకు ఆటోలు పంపుతారు. ఎవరి ఆటో ఎక్కితే వాళ్ల మనిషి. ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. సొంత మోటరు సైకిలున్నవాడు కూడా ఆ రోజు దాన్ని ఇంటి ముందు నిలబెట్టి ఆటోలోనే పోతాడు. ఏ ఆటోలో ఎవరెక్కారో అరుగుల మీద కూర్చున్న ముసలాళ్లు చూసి చెప్పేస్తారు, ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో సాయంత్రానికే తేలిపోతుంది. పెళ్లై వచ్చినప్పటి నుంచి నేను పెద్దాయన ఆటోనే ఎక్కాను. ఎక్కినందుకు ఆ గుర్తే నొక్కాను కూడా. ఎటూ ఎవరూ నచ్చనప్పుడు ఏదైతే ఏమిలే అనిపించేది.

ఈసారి ఏదైతే ఏమిలే అనిపించలేదు. ప్రచారానికి మొదట పెద్దాయన తరఫు అభ్యర్థి వచ్చాడు. పోయినసారి ఎదుటి పార్టీ కండువాతో వచ్చిన మనిషే, ఈసారి ఈ కండువా. మెడ నిండా బంతిపూల దండలు, వెనక డప్పులు, టపాకాయలు. అప్పుడు మా పురుగులు ఇంకా పసివి, వెంట్రుక మందం ఉంటాయి. నేను షెడ్డు వాకిట్లో చేతులు అడ్డం పెట్టి, "లోపలికి రావద్దండీ, పొగ పడదు" అన్నాను. పక్కనున్నవాడొకడు, "ఎవురొచ్చినారో తెలుసునా నీకు?" అని నన్ను పక్కకు జరిపాడు. ఆయనగారు లోపలికొచ్చి పురుగుల తట్ట ఒకటి ఎత్తి పట్టుకుని ఫోటో దిగాడు. ఒంటి మీద సెంటు గుప్పుమంది. వాకిట్లోనే ఒక సరం కాల్చారు. రెండు రోజులకల్లా ఆ వరస తట్టల్లో పురుగులన్నీ చచ్చాయి. ఎత్తి పారబోస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

రెండో ఆయన వారం తర్వాత వచ్చాడు. పాపం, లోపలికి రాలేదు. బయటే నిలబడి షెడ్డును ఎగాదిగా చూసి, "ఎన్ని కోళ్లు పట్టించినావమ్మా?" అన్నాడు. ఈ తాలూకాలోనే పుట్టి పెరిగిన మనిషి. పట్టుపురుగుల షెడ్డుకూ కోళ్లఫారానికీ తేడా తెలియదు. కాలువ నీళ్లు తెప్పిస్తానని చెప్పి, నేను జవాబు చెప్పేలోపే పక్కింటికి వెళ్లిపోయాడు.

ఒకాయన నా పురుగుల్ని చంపాడు, ఇంకొకాయన వాటిని కోళ్లన్నాడు. వీళ్లలో ఎవరి మొహం చూసి వేయాలి?

మా ఆయనకు టీ ఇస్తూ ఇదే అడిగాను. "నోటా ఉండాది కదా, అది నొక్కిరా" అన్నాడు.

"అది నొక్కేదానికైనా మామ ఆటోనే ఎక్కల్ల కదా. ఎక్కితే ఆయన లెక్కలో పడినట్లే. ఇంక నేను ఏది నొక్కితే ఏమి?"

"అన్నిట్లో పుల్లలు తీస్తావే నువ్వు. నచ్చలేదని మానుకుంటే ఎట్ల? మన బోరు పడలేదని నీళ్లు తాగేది మానుకున్యామా?"

"మానుకోలా. ఇంగొకరి పైపు పట్టుకోని తాగుతాండాం. ఆ పైపు కోసరమే కదా నువ్వు ఆటో ఎక్కేది" అన్నాను. ఆ మాట ఆయనకు తగలాలనే అన్నాను, తగిలింది. గ్లాసు కింద పెట్టి, చొక్కా తొడుక్కుని పోయి ఆటో ఎక్కాడు. వచ్చేటప్పటికి వేలికి సిరా ఉంది, మొహంలో దిగులుంది. "మామ నిన్ను అడిగినాడు" అన్నాడు.

మధ్యాహ్నం మామే వచ్చాడు. ఎండలో గొడుగు లేకుండా, కండువాతో తల తుడుచుకుంటూ. షెడ్డు వాకిట్లో చెప్పులు విడిచి, లోపలికి మాత్రం రాకుండా అక్కడే రాయి మీద కూర్చున్నాడు. ఆ మర్యాద ఆయనకు మొదటి నుంచీ ఉంది.

"ఏం కోడలా, ఒంట్లో బాగలేదా?"

"బాగుండా మామా."

"మరి రాలేదే?"

"నాకు ఎవురూ నచ్చలేదు మామా. నేను ఎయ్యను."

నచ్చకపోవడం అనే కారణం ఆయన ఎప్పుడూ విన్నట్టు లేదు. "ఆళ్లు ఏమన్నా చెప్పినారా నీకు?" అన్నాడు, ఎదుటి పార్టీవాళ్లను ఉద్దేశించి.

"ఎవురూ చెప్పలా. నేనే అనుకున్యా."

"నువ్వే అనుకున్యానంటే ఎవురు నమ్ముతారమ్మా? నువ్వు రాకుంటే ఆళ్ల పక్క పోయినావంటారు. మన పల్లెలో ఓట్లన్నీ నాయే అని చెప్పుకోనుండా. పైనోళ్లు నన్నడుగుతారు. బాగుండదమ్మా."

"ఓట్లడగను వచ్చినోళ్లు పొగ పెట్టి నా పురుగుల్ని చంపినారే, అది బాగుండెనా మామా?"

లేచి చెప్పులేసుకుని, "సరే, నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. గట్టిగా అరిచినా ఇంత భయపడేదాన్ని కాదు. మా పక్క ఎవరైనా గొంతు పెంచకుండా నీ ఇష్టం అన్నారంటే జాగ్రత్త పడాలి.

మా వంతు వేళయింది. తొట్టిలో నీళ్లు రాలేదు. కాసేపు చూశాం. మోటరు చప్పుడు మాత్రం గాలికి వినబడుతూనే ఉంది. కరెంటుంది, మోటరు ఆడుతోంది, నీళ్లు మాకు రావడం లేదు. మా ఆయన నా మొహం చూడకుండా గోనెపట్టలు తడుపుతున్నాడు, డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్లతో. నేను గట్టు మీద అడ్డదారిన వాల్వు దగ్గరికి పోయాను. వాల్వు మూసి ఉంది. బిగించి మూసి ఉంది. ఆ చివర ఆయన చేలో మాత్రం నీళ్లు పారుతున్నాయి.

ఆ వాల్వు రెండు చుట్లు తిప్పితే నీళ్లొస్తాయి, నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ ఒకరి వాల్వు మీద ఇంకొకరు చెయ్యి వేయడమంటే మా దగ్గర మామూలు సంగతి కాదు. దానికి తలలు పగిలిన పల్లెలున్నాయి. చెయ్యి వెనక్కి లాక్కుని తిరిగొచ్చాను.

"మూసినాడు" అన్నాను.

మా ఆయన డ్రమ్ములోకి తొంగి చూశాడు. "సాయంత్రం దాకా వస్తాయి ఇవి. రేపు?" అన్నాడు. ఆ తర్వాత ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "పోమ్మే. ఇప్పుడు పోయినా ఆటో ఉంటాది. పోయి ఎక్కు. నీ రోసం కంటే ఈటి పాణం ఎక్కువ" అన్నాడు.

షెడ్డులోకి పోయి తట్టల పక్కన కూలబడ్డాను. పురుగులు తింటున్నాయి. ఏడవాలనిపించింది, దానికంటే ఎక్కువగా ఎవరినైనా కొట్టాలనిపించింది. ఏం చేశాను నేను? ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరినీ మాట అనలేదు. నచ్చలేదన్నాను, అంతే. అంత మాత్రానికి నీళ్లు ఆపేస్తారా?

అలా తిట్టుకుంటూ ఉండగా ఒక సంగతి తట్టింది. విలువ లేదని నేను పారేసుకుంటున్న ఓటుకు, ఒకరి పంట ఎండబెట్టేంత విలువ ఉందన్నమాట. పెద్దాయనకు తెలుసు ఆ విలువ. ఆయన పైవాళ్లకు తెలుసు. మా ఆయనకూ తెలుసు, అందుకే బిక్కచచ్చి కూర్చున్నాడు. తెలియంది నాకొక్కదానికే. వేయనని భీష్మించుకుని ఇంట్లో కూర్చుంటే, అది వాళ్ల లెక్కలో ఒకటి తగ్గుతుంది, అంతే. నాకేమొచ్చింది? ఇంత జరిగాక దాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. లేచి, మొహం కడుక్కుని, కార్డు తీసుకుని చెప్పులేసుకున్నాను.

"ఆటో పిలుచనా?" అన్నాడు మా ఆయన ఆశగా.

"అక్కర్లేదు. నాకు కాళ్లుండాయి."

"నడిచి పోతావా? నడిచి ఎవురు పోతారే? ఏమనుకుంటారు?"

"అదే, ఏమనుకోవాల్నో తెలీక చావనీ" అని బయల్దేరాను.

గుట్ట దారి ఎక్కుతుండగానే పెద్దాయన పార్టీ ఆటో ఎదురొచ్చింది. డ్రైవరు ఆపి, "అక్కా, నీ కోసరమే వస్తాండా, ఎక్కు" అన్నాడు. వద్దన్నాను. "ఎండలో నడుస్తావా?" అన్నాడు. "నడుస్తా" అన్నాను. వాడు నన్ను చూసి, దారిని చూసి, ఆటో తిప్పుకుని పోయాడు. కాసేపటికి రెండో పార్టీ ఆటో వచ్చింది. దాని డ్రైవరు నాకు మరిది వరస, మొహం వెలిగిపోతోంది. "వదినా! ఆళ్ల ఆటో వద్దన్యావంట! రా రా, కూచో, ముందర సీటు నీదే!"

"నీదీ వద్దప్పా."

"మాదీ వద్దా?" వాడు దిగి నిలబడ్డాడు. "అట్లయితే నువ్వు ఎవురి మనిషివి వదినా?"

"నడిచే మనిషిని. తప్పుకో."

వాడు నిజంగానే తప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా ఆటో ఎక్కకుండా దాన్ని తోసుకుంటూ నా వెనకే నెమ్మదిగా కొంత దూరం వచ్చాడు, నా బుద్ధి మారుతుందేమోనని. కోపంలో కూడా నాకు నవ్వొచ్చింది.

బడికి ఇవతల రోడ్డుకు రెండు పక్కలా రెండు పార్టీల షామియానాలు. నేను ఏ ఆటో నుంచీ దిగకుండా నడిచి వస్తుంటే రెండు షామియానాల్లోనూ మాటలు ఆగిపోయాయి. ఎవరూ పలకరించలేదు. ఎటువాళ్లు పలకరించాలో వాళ్లకూ తెలియలేదు. తలవంచుకోకుండా నడిచాను. చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్లి ఆడవాళ్ల వరసలో నిలబడ్డాను. అప్పటికి జనం పలచబడ్డారు.

పక్కన మగవాళ్ల వరసలో చూస్తే పెద్దాయన. పంచె మోకాళ్ల దాకా బురద. చేతులకు ఏదో తెల్లగా అంటుకుని ఉంది. నన్ను చూసి ఏదో చెప్పబోయాడు. నేను మొహం తిప్పుకున్నాను. నీళ్లు ఆపిన మనిషితో మాటలేమిటి? ఆయన లోపలికి పోయి వచ్చి, నా వైపు ఇంకోసారి చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు. సిగ్గుపడుతున్నాడులే అనుకున్నాను.

నా వంతు వచ్చింది. కార్డు చూశారు, వేలికి సిరా పూశారు. అట్ట అడ్డం పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లాను. ఎన్నోసార్లు వెళ్లిన చోటే. ప్రతిసారీ ఎవరో తరుముతున్నట్టు పోయి, ఆటోవాళ్లు చెప్పిన గుర్తు నొక్కి బయటపడడమే. ఈసారి మాత్రం నిలబడ్డాను. మా పల్లెలో ఆడదానికి ఒంటరిగా నిలబడే చోటు ఎక్కడుంది? స్నానం చేస్తుంటే కూడా తడిక బయట నుంచి ఎవరో పిలుస్తూనే ఉంటారు. ఇక్కడ నా వెనక అంతమంది ఉన్నారు, అయినా నా చేతిని చూసేవాడు ఒక్కడూ లేడు. మా ఆయన లేడు, మామ లేడు, నీళ్లు లేవు, ఆటో లేదు. పొద్దుటి నుంచీ గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

నిజం చెప్పాలంటే, పెద్దాయన మీద కక్షతో ఆయన ఎదుటివాడికి గుద్దుదామనే వచ్చాను. వేలు అటే పోయింది. పోయి ఆగింది. ఆ గుర్తు పక్కన కోళ్లాయన పేరు. ఛీ, వీడికా? అనిపించి వేలు తీసేశాను. పై నుంచి కింది దాకా పేర్లన్నీ చదివాను. ఎప్పుడూ వినని పేర్లున్నాయి. కుర్చీ గుర్తు, సీసా గుర్తు, ఏదో పండు గుర్తు. చిట్టచివర నోటా.

వెనక నుంచి ఆఫీసరు, "ఏమ్మా, అయిందా?" అన్నాడు.

"అయితాది, ఉండు సార్" అన్నాను.

నచ్చిన మనిషి కోసం వెతికితే ఆ పెట్టె మీద ఎవరూ లేరు. ఉండరు కూడా. పెళ్లిచూపులకు రాలేదు కదా నేను. అప్పుడు ఇంకోలా ఆలోచించాను. రేపు వీళ్లలో ఒకడు గెలవడం ఖాయం. గెలిచాక మా పల్లెకు నీళ్ల గురించి వెళ్లి నిలదీయాలంటే, ఎవరి గుమ్మం ముందు నేను గట్టిగా నోరు తెరవగలను? నన్ను పక్కకు జరిపేవాళ్లెవరు, తెలియక మాట్లాడినా నిలబడి వినేవాళ్లెవరు? లేక ఎవరికీ వద్దని చెప్పడమే నేను చెప్పాల్సిన మాటా? అలా అడుగుతుంటే జవాబు ఒకటి తేలింది. అది మరీ గొప్ప జవాబేమీ కాదు. నాకు సరిపోయింది. నొక్కాను. గట్టిగా కూత పెట్టింది, పక్క పెట్టె అద్దంలో చీటీ కనిపించి లోపలికి జారింది. ఏది నొక్కానో మా ఆయనకే చెప్పలేదు, మీకేం చెబుతాను?

బయటికొచ్చేసరికి ఎండ తగ్గింది. వచ్చేటప్పుడున్న కోపం సగం పోయింది. ఆ సగంలోకి మళ్లీ దిగులు వచ్చి కూర్చుంది. ఓటు వేశాను, బాగుంది, మరి రేపు పట్టలు దేనితో తడపాలి? గుట్ట దిగుతున్నంతసేపూ లెక్కలే. ట్యాంకరు దొరుకుతుందా? ఊళ్లో బిందెలు మోసుకొస్తే ఎన్నాళ్లు? పురుగులు గూడు కట్టే దాకా నెట్టుకొచ్చినా తర్వాత తోట సంగతేమిటి? ఈ పంటతో మా పట్టు సేద్యం సరి అని దాదాపు ఖాయం చేసుకుని చేను చేరాను.

తొట్టిలో నీళ్లు పడుతున్నాయి.

నేను అక్కడే ఆగిపోయాను. మా ఆయన నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసి, బిందెలతో పట్టల మీద నీళ్లు చల్లుతున్నాడు. నన్ను చూసి, "వచ్చినావా! ఇదో, నీళ్లొచ్చినాయే!" అన్నాడు. పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడు.

"ఎట్ల వచ్చినాయి? మామ మనసు మారిందా?"

"మారేదేముందే! పైపు పగిలింటే ఆ మనిషేం చేస్తాడు?"

అప్పుడు చెప్పాడు. మధ్యాహ్నం మా దగ్గర్నుంచి తిరిగిపోతూ పెద్దాయన మా వంతుకని వాల్వు తిప్పితే, బండ్ల బాట మీద నీళ్లు చిమ్ముతూ కనబడ్డాయట. ఆయన పార్టీ జీపే, ఓటర్ల కోసం తొందరపడి రోడ్డు వదిలి ఆ బాటన పడి పైపు మీదుగా ఎక్కి పోయింది. పైపు ఆ బాట కింద పోతుంది. నేను గట్టు మీద అడ్డదారిన పోయాను కాబట్టి నాకు కనబడలేదు. నీళ్లు నేలపాలు కాకుండా ఆయనే మళ్లీ వాల్వు మూశాడు. అతికించడానికి సామాను కావాలి కదా. నల్లమాడలో అంగడి మూసి ఉంది, పుట్టపర్తికి ఫోను చేస్తే అక్కడా తెరవలేదన్నారు. చివరికి ఆ మనిషి తన చేలో పైపు ఒక ముక్క కోసుకొచ్చి, బాటలో కూర్చుని, మధ్యాహ్నమంతా అతికించి, అది ఆరేలోపు ఓటు వేసి, తిరిగొచ్చి వాల్వు తిప్పాడు. వరసలో ఆయన చేతులకున్న తెలుపు ఆ అతికించే మందే. నాకు చెప్పబోయింది ఇదే కాబోలు.

నేను నేల మీద చతికిలబడి ఏడ్చాను. భోరున ఏడ్చాను. మా ఆయన కంగారుపడి, "ఏమయ్యిందే? ఓటెయ్యనీలేదా?" అన్నాడు. "ఏసినాలే" అని ఇంకా ఏడ్చాను. అంత సుఖంగా నేను ఎప్పుడూ ఏడవలేదు.

దీపాలు పెట్టే వేళకు పెద్దాయన వచ్చాడు, తొట్టి నిండిందో లేదో చూడడానికి. అదే రాయి మీద కూర్చున్నాడు. మంచినీళ్లు ఇచ్చాను. దాచుకోవడం నాకు చేతకాదు, అడిగేశాను.

"మామా, నా మీద కోపంతో మూసినావనుకున్యా."

ఆయన చెంబు దించి నన్ను చూశాడు. "ఓటు రాకుంటే పురుగుల్ని చంపుతానా కోడలా?"

నేను ఆయన చెంబులోకి ఇంకాసిని నీళ్లు వంచాను.

"అనుకుంటావులే. నీ తప్పు గాదు. అట్ల చేసేటోళ్లు ఉండారు. నేనూ చూసినా." నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు. తొట్టి వైపు చూశాడు. "పైపు అతికిస్తాంటే ఫోన్ల మీద ఫోన్లు. మన జీపే పగలగొట్టి పోయింది, ఒక మనిషిని పంపించండప్పా అంటే, పైపు రేపు చూసుకో, ముందు మిగిలిన ఓట్లు ఎక్కించు అన్యారు. మా చేన్లలో నీళ్లకంటే ఓట్లు ముందరంట. ఇన్నేండ్లు ఆళ్ల కోసరం తిరిగితి కదమ్మా నేను."

నా వేలికున్న సిరా ఆయన కంటబడింది. ఎవరికని అడగలేదు. తన వేలి వైపు చూసుకున్నాడు. తర్వాత మా ఆయన ఎక్కడున్నాడో చూసి, నాకు మాత్రమే వినబడేటట్టు గొంతు తగ్గించాడు.

"నేనూ ఈతూరి మావోనికి ఎయ్యలా."

నేను గబుక్కున మా ఆయన వైపు చూశాను, విన్నాడేమోనని.

"ఊరందరినీ ఆటోలెక్కించినోన్ని. ఆ అట్ట ఎనక్కి పోయి నిలబడితే, ఇంగ నన్ను చూసేటోడు ఎవుడూ లేడనిపించింది. ఇన్నేండ్లు ఆ సంగతి నాకే తట్టలా చూడు" అన్నాడు. అని నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. ఎవరికేశాడో నేనూ అడగలేదు.

లేచి చెప్పులేసుకున్నాడు. రెండడుగులు పోయి, వెనక్కి వచ్చాడు. మొహంలో నవ్వు పోయి నిజమైన భయం కనిపించింది.

"కోడలా, ఆ మాట ఎవురితోనూ అనొద్దు. ముఖ్యంగా మీ అత్తతో."

"ఏ మాట మామా?" అన్నాను.